వల్లె వేసిన చదువు, అప్పజెప్పిన చదువు

ఏంబలం పుదుచ్చేరి పట్టణానికి నైరుతిలో, విల్లియనూరుకు దక్షిణాన ఉన్న పల్లెసీమ. ఆ పేరుతోనే ఒక శాసనసభ నియోజకవర్గం ఉంది. అది షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. అక్కడ డిగ్రీ పూర్తి చేసిన విద్యార్థి పై చదువు గురించి ఆలోచిస్తే చూపు పట్టణం ఆవలి వైపుకు పోతుంది. గోరిమేడులో జిప్‌మర్, సముద్రం ఒడ్డున కాలాపేటలో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం. బస్సు లెక్కన చూస్తే అది పెద్ద దూరం కాదు. అసలు దూరం ప్రవేశ పరీక్షలో ఉంది. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాల నుంచి ఎదిగిన జిప్‌మర్‌లో పీజీ సీటు కావాలంటే ఇప్పుడు ఎయిమ్స్, నిమ్‌హాన్స్ వంటి సంస్థలతో కలిపి పెట్టే ఐఎన్‌ఐ-సెట్ రాయాలి. 1985లో ఏర్పడిన విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ., ఎం.ఏ. చదవాలంటే 2022లో మొదలైన సీయూఈటీ-పీజీ రాయాలి. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై, వందల కిలోమీటర్ల దూరాన గోదావరి పక్కన తెలుగు మాట్లాడే యానాం పిల్లలూ, గుంటూరు, వరంగల్ పిల్లలూ రాసేది అదే ప్రశ్నపత్రం. ప్రశ్నలు 75. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. 2025లో ఇచ్చిన సమయం 90 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు 72 సెకన్లు. మూడేళ్ళ డిగ్రీ చదువు ఆ 72 సెకన్లలో మనసులోంచి బయటికి రావాలి.

ఇలాంటి పరీక్షకు సిద్ధమయ్యేవాళ్ళకు మనం రెండు రకాల సలహాలు ఇస్తుంటాం. ఒకటి చదువు గురించి: సిలబస్ ఎలా పంచుకోవాలి, ఏ పుస్తకం చదవాలి, ఎన్ని గంటలు కూర్చోవాలి. రెండోది ఒత్తిడి గురించి: ఊపిరి నెమ్మదిగా తీసుకో, ధ్యానం చెయ్యి, సాయంత్రం కాసేపు నడువు. ఈ రెండు సలహాలు ఇచ్చేవాళ్ళు వేరు, వాటికి కేటాయించే వేళలూ వేరు. పగలంతా చదువు, చివర్లో పది నిమిషాలు ప్రశాంతత. ఈ విభజనే పొరపాటని ఈ అధ్యాయంలో నా వాదన. పరీక్ష ఒత్తిడిలో పెద్ద భాగం మనం చదివే పద్ధతిలోనే పుడుతుంది. కాబట్టి దాన్ని అక్కడే, చదువు బల్ల దగ్గరే, తగ్గించవచ్చు. గత 20 ఏళ్ళలో జ్ఞాపకశక్తి మీద జరిగిన ప్రయోగాలు ఈ మాటకు గట్టి బలమిస్తున్నాయి. ఆ ప్రయోగాలు చెప్పేదాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన మాటలు రెండూ మన భాషలో ముందే ఉన్నాయి.

ఆ మాటలు వల్లె వేయడం, అప్పజెప్పడం. వల్లె వేయడమంటే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ లోపలికి పంపడం. కళ్ళు పుస్తకం మీదే ఉంటాయి, పెదవులు కదులుతాయి, పేజీలు తిరుగుతాయి. అప్పజెప్పడంలో పని దీనికి ఎదురు దిశలో సాగుతుంది. పుస్తకం గురువు చేతిలో ఉంటుంది, పిల్లవాడి చేతులు ఖాళీ. తనకిచ్చినదాన్ని తన నోటితో తిరిగి ఇవ్వాలి. ఒకరి సొమ్ము ఒకరికి ఒప్పజెప్పినట్టే ఇదీ: ఉంటేనే ఇవ్వగలం, లేకపోతే లేదని అక్కడికక్కడే తేలిపోతుంది. ఎక్కాలూ పద్యాలూ శతకాలూ మన బడుల్లో ఇలా అప్పజెప్పించుకునేవారు. అప్పజెప్పడం గురువు కోసమని, చదివింది వచ్చో రాదో చూసేందుకేనని మనం అనుకుంటూ వచ్చాం. అసలు సంగతి అంతకన్నా లోతైనది. అప్పజెప్పే క్రియే జ్ఞాపకాన్ని మారుస్తుంది. చదువు జరిగే చోటు పేజీ మీద పడిన చూపులోకన్నా, పేజీ మూసిన తర్వాతి తడుములాటలోనే ఎక్కువ.

జ్ఞాపకం ఎలా మారుతుంది

2006లో అమెరికా పరిశోధకులు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ కళాశాల విద్యార్థులకు చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చి చదివించారు. ఒక బృందం అదే వ్యాసాన్ని నాలుగు విడతలు చదివింది. మరొక బృందం ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతల్లో వ్యాసం చూడకుండా గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగుసార్లు చదివినవాళ్ళే ముందున్నారు: వాళ్ళకు 83 శాతం గుర్తుంటే, రాసినవాళ్ళకు 71 శాతం. వారం తర్వాత పరీక్ష పెట్టినప్పుడు లెక్క తిరగబడింది. నాలుగుసార్లు చదివినవాళ్ళకు 40 శాతమే మిగిలింది, ఒక్కసారి చదివి మూడుసార్లు రాసినవాళ్ళకు 61 శాతం మిగిలింది. ఇందులో ఇంకో విషయం నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. మీకు వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారు అని ముందే అడిగితే, అందరికన్నా ఎక్కువ ధీమా చూపింది నాలుగుసార్లు చదివినవాళ్ళే. అంటే వల్లె వేయడం జ్ఞాపకాన్ని అంతగా నిలపకపోగా, నిలిచిందన్న నమ్మకాన్ని మాత్రం పెంచింది.

ఈ మోసం ఎలా జరుగుతుందో ఒక పేజీని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. జీవరసాయన శాస్త్రంలో ఎంజైముల అధ్యాయం తీసుకుందాం. మైకేలిస్-మెంటెన్ సమీకరణం, దాని కింద వంపు తిరిగిన గీత, పక్కన నిరోధకాల పట్టిక. మొదటిసారి చదివినప్పుడు కష్టంగా ఉంటుంది. రెండోసారికి పచ్చ రంగు గీతలు పడతాయి. మూడోసారికి ఏ వాక్యం పేజీలో ఏ మూల ఉందో కూడా కంటికి తెలిసిపోతుంది, చదువు నీళ్ళలా సాగిపోతుంది. ఆ సాఫీతనాన్నే విద్యార్థి 'వచ్చేసింది' అనుకుంటాడు. ఇప్పుడు పుస్తకం మూసి తెల్లకాగితం మీద ఒక్క ప్రశ్న వేసుకోవాలి: పోటీ నిరోధకం కలిపితే కేఎం (గరిష్ఠ వేగంలో సగం అందుకోవడానికి కావలసిన పదార్థపు మోతాదు) పెరుగుతుందా, గరిష్ఠ వేగం తగ్గుతుందా? కలం ఆగిపోతుంది. పట్టిక కుడివైపు ఉందని గుర్తుంది, అందులో ఏముందో గుర్తులేదు. కంటికి వచ్చినది ఆ పేజీ ముఖపరిచయం మాత్రమే, చేతికి రావలసినది ఇంకా రాలేదు. పరీక్ష గదిలో పేజీ ఉండదు కాబట్టి ముఖపరిచయం అక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఆ కలం ఆగిన క్షణం చాలామందికి అవమానంగా తోస్తుంది, వెంటనే పుస్తకం తెరిచేస్తారు. నిజానికి ఆ రోజంతటిలో విలువైన క్షణం అదే. అర నిమిషం తడుముకుని, ఏదో ఒకటి రాసి, తర్వాత పుస్తకం తెరిచి సరిచూసుకున్నవాడికి ఆ జవాబు నిలిచే అవకాశం ఎక్కువ.

ఒత్తిడి ఎక్కడ దెబ్బ తీస్తుంది

ఇక ఒత్తిడి సంగతి. ప్రమాదం ఎదురైందని మెదడు అనుకున్నప్పుడు శరీరంలో రెండు అలలు లేస్తాయి. మొదటిది అడ్రినలిన్ అల. అది సెకన్లలోనే వస్తుంది: గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు తడుస్తాయి. రెండోది కార్టిసాల్ అల. అది నిదానంగా లేచి, ఇరవై ముప్పై నిమిషాలకు ఉచ్చస్థితికి చేరుతుంది. ఈ రెండో అలే జ్ఞాపకాన్ని బయటికి తీసే పనికి అడ్డు తగులుతుంది. 2000లో డొమినిక్ ద క్వెర్వాన్ బృందం కొందరికి పదాల జాబితా నేర్పి, మర్నాడు పరీక్షకు గంట ముందు కార్టిసోన్ మాత్ర ఇచ్చింది. నేర్చుకున్న పదాలు వాళ్ళ మెదడులో ఉన్నాయి, కానీ సమయానికి సరిగా బయటికి రాలేదు. హాలు నుంచి బయటికొచ్చి మెట్లు దిగుతుండగా జవాబు గుర్తొచ్చి తల పట్టుకునే విద్యార్థి అనుభవం ఇదే. అతను చదవలేదని కాదు. దారి కాసేపు మూసుకుంది. కాబట్టి ఒత్తిడి గురించి అడగవలసిన మేలైన ప్రశ్న 'దాన్ని రాకుండా ఎలా ఆపాలి' అన్నది కాదు, వచ్చినా మూసుకోని దారి ఎలా వేసుకోవాలన్నది.

ఈ ప్రశ్నకు 2016లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నుంచి ఒక జవాబు వచ్చింది. అమీ స్మిత్, ఆయానా థామస్ తదితరులు 120 మందికి 30 పదాలు, 30 బొమ్మలు చూపించారు. సగం మంది వాటిని మళ్ళీ మళ్ళీ చూసి నేర్చుకున్నారు, సగం మంది చూడకుండా గుర్తు తెచ్చుకునే అభ్యాసంతో నేర్చుకున్నారు. అంటే మన మాటల్లో సగం మంది వల్లె వేశారు, సగం మంది అప్పజెప్పారు. మర్నాడు రెండు బృందాల్లోనూ సగం మందిని ఒక గదిలోకి పిలిచారు. అక్కడ ఇద్దరు న్యాయనిర్ణేతలు, ముగ్గురు తోటి విద్యార్థులు, ఒక వీడియో కెమెరా. ముందస్తు సూచన లేకుండా ఉపన్యాసం ఇవ్వాలి, అందరి ముందూ లెక్కలు చేయాలి. ఎవరికైనా కార్టిసాల్ లేచే సన్నివేశమే. ఆ సమయంలో ఒకసారి, ఇరవై నిమిషాలు దాటాక ఇంకోసారి, నిన్న నేర్చుకున్నవి చెప్పమన్నారు. వల్లె వేసినవాళ్ళలో ఒత్తిడి లేనివాళ్ళకు ప్రతి 30లో దాదాపు 9 గుర్తొస్తే, ఒత్తిడికి గురైనవాళ్ళకు 7 గుర్తొచ్చాయి. అప్పజెప్పి నేర్చుకున్నవాళ్ళలో ఒత్తిడి లేనివాళ్ళకు సగటున 10, ఒత్తిడికి గురైనవాళ్ళకు 11. గుండె వాళ్ళకూ కొట్టుకుంది, చేతులు వాళ్ళకూ తడిశాయి. అయినా జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఒత్తిడి జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుందన్నది అప్పటిదాకా స్థిరపడిన అభిప్రాయం. ఈ ప్రయోగం దానికి ఒక షరతు చేర్చింది: అది ఆ విషయాన్ని ఎలా నేర్చుకున్నామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఎందుకిలా అన్నదానికి పరిశోధకులు ఊహించిన కారణం సరళమైనది. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ ఆ విషయానికి చేరే దారి ఇంకొకటి పడుతుంది. ఒక దారి ఒత్తిడికి మూసుకున్నా ఇంకోటి తెరిచి ఉంటుంది. దీనికి నిదర్శనం తెలుగువాళ్ళ కళ్ళ ముందే శతాబ్దాలుగా ఉంది. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. అవధాని ఒకరికి ఒక పాదం చెప్పి రెండోవారి దగ్గరికి, మూడోవారి దగ్గరికి వెళ్ళి, తిరిగి మొదటివారి దగ్గరికి వచ్చేసరికి ఆగిన చోటు జ్ఞాపకం ఉండాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం, గంటల లెక్క ధ్యాసను చెదరగొడుతూనే ఉంటాయి. సభ నిండా జనం. చివర ధారణలో పద్యాలన్నీ ఒక్క బిగిన అప్పజెప్పాలి. కాగితం, కలం లేవు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వంటివారి ధారణను మనం పుట్టుకతో వచ్చిన వరమని చెప్పుకుంటాం. ప్రతిభను కాదనలేం. అయితే ఆ ప్రక్రియ నిర్మాణాన్ని గమనిస్తే, ఎడం పాటిస్తూ, అంతరాయాల నడుమ, పదిమంది ముందు, చూడకుండా పదే పదే గుర్తు తెచ్చుకోవడమే దాని ఎముకల గూడు. ధారణ ఆ సాధనలోనే గట్టిపడుతుంది.

ఇంతవరకు చెప్పింది పరీక్ష రోజు ఒత్తిడి గురించి. నెలల తరబడి సాగే ఒత్తిడి సంగతి వేరు. బెంగళూరులో సుమంత్ర చటర్జీ, అజయ్ వ్యాస్ తదితరులు 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచారు. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి, భయానికి కేంద్రమైన అమిగ్డలాలో కొమ్మలు పెరిగాయి. మనుషుల్లో ఇలాంటిదాన్ని 2009లో కానర్ లిస్టన్ బృందం చూసింది. నాలుగు వారాలుగా ఒక పెద్ద పరీక్షకు సిద్ధమవుతున్న వైద్య విద్యార్థుల మెదళ్ళను స్కాన్ చేస్తే, ధ్యాసను ఒకదాని మీదినుంచి ఇంకోదాని మీదికి మళ్ళించే మెదడు ముందుభాగం పని మందగించి ఉంది. ఒత్తిడి తగ్గిన నెల తర్వాత మళ్ళీ చూస్తే ఆ లోపం పోయింది. ఈ రెండో భాగం పరీక్షలు రాసే ప్రతి ఇంట్లోనూ తెలియాలి. ఏకాగ్రత కుదరడం లేదని ఏడ్చే పిల్లల మెదడు పాడైపోలేదు, అలసింది. తేరుకుంటుంది. రోజుకు పదహారు గంటల వల్లె కన్నా, తక్కువ గంటల అప్పజెప్పే చదువు మేలనడానికి ఇదీ ఒక కారణం. తక్కువ సమయంలో ఎక్కువ నిలిచే పద్ధతి ఉంటే, మిగిలిన సమయం మెదడు తేరుకోవడానికి దక్కుతుంది.

భయం దేని గురించి

పరీక్ష భయం ఒక్క ముద్ద కాదని 1967లోనే లీబర్ట్, మోరిస్ అనే మనస్తత్వవేత్తలు చెప్పారు. అందులో ఒకటి దేహంలో కలిగే ఉద్వేగం, రెండోది మనసులో నడిచే బెంగ: 'నాకు గుర్తొస్తుందా, తప్పితే ఇంట్లో ఏమంటారు' అనే లోపలి మాట. మార్కులను ఎక్కువగా తగ్గించేది రెండోదే. లెక్క చేయవలసిన మనసులో ఆ మాట చోటు ఆక్రమిస్తుంది. దేహపు ఉద్వేగం అంత శత్రువు కాదని జెరెమీ జేమిసన్ బృందం 2010లో చూపింది. అమెరికాలో పీజీ ప్రవేశానికి రాసే జీఆర్ఈకి సిద్ధమవుతున్న సుమారు 60 మంది విద్యార్థులను తీసుకుని, సగం మందికి ఒక చిన్న మాట చెప్పారు: గుండె వేగం పెరిగితే కంగారు పడకండి, అది మీకు తోడ్పడవచ్చు. ఆ మాట విన్నవాళ్ళు నమూనా పరీక్షలోనూ, నెలల తర్వాత రాసిన అసలు పరీక్షలోనూ గణిత భాగంలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. ఇది చిన్న ప్రయోగం, దీని మీద మేడలు కట్టకూడదు. అయినా దారి చూపుతుంది. దేహానికి భరోసా చెప్పవచ్చు. బెంగకు మాత్రం ఉత్త భరోసా చాలదు, దానికి రుజువు కావాలి. 'గుర్తొస్తుందా' అన్న ప్రశ్నకు 'నిన్న వచ్చింది, మొన్న వచ్చింది, వారం కింద మొదటిసారి రాలేదు గానీ సరిచేసుకున్నాను' అన్నదే జవాబు. వల్లె వేసినవాడి దగ్గర ఈ రుజువు ఉండదు. అతను తనను తాను మొదటిసారి అడిగేది పరీక్ష గదిలోనే. అతని బెంగ పిరికితనమేమీ కాదు, న్యాయమైనదే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. పదాలూ బొమ్మలూ గుర్తుపెట్టుకోవడం వేరు, పీజీ ఎంట్రన్స్ సిలబస్ వేరు. ఇది మళ్ళీ బట్టీ చదువును వెనక దారిన తీసుకురావడం కాదా? బట్టీ మీద ఈ అనుమానం సరైనదే, కానీ అది తగలవలసింది వల్లె వేయడానికి. 2011లో కార్పికీ, జానెల్ బ్లంట్ సైన్సు పాఠాలతోనే ఒక పోలిక చేశారు. ఒక బృందం పాఠం ముందు పెట్టుకుని భావాల మధ్య సంబంధాలను పటంగా గీసింది. ఇది అవగాహనకు మేలైనదని ఉపాధ్యాయులు మెచ్చే పద్ధతి. ఇంకో బృందం పాఠం మూసి గుర్తున్నది రాసింది. వారం తర్వాత, పాఠంలో నేరుగా లేని, ఆలోచించి తేల్చవలసిన ప్రశ్నల్లో కూడా రెండో బృందమే ముందుంది. అప్పజెప్పడం అంటే మాటలను యథాతథంగా చిలకలా చెప్పడం అవనక్కర్లేదు. కారణం చెప్పడం, సూత్రాన్ని మొదటినుంచి రాబట్టడం, రెండు భావాల తేడా విడమరచడం కూడా అప్పజెప్పడమే. అయితే ఒక షరతు ఉంది. అసలు అర్థం కానిదాన్ని అప్పజెప్పలేం. మొదట నిదానంగా చదివి, ఎవరినైనా అడిగి అర్థం చేసుకోవడం తప్పదు. ఆ తర్వాత రెండోసారి, మూడోసారి, నాలుగోసారి చదివే గంటలనే మార్చుకోమంటున్నాను.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. పరీక్షల వల్లే పిల్లలు నలిగిపోతుంటే, రోజూ తమకు తామే పరీక్ష పెట్టుకోమనడం ఏం న్యాయం? దీనికి ప్రయోగాల జవాబు కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. పూజా అగర్వాల్ బృందం 2014లో 1,408 మంది బడి పిల్లల అభిప్రాయాలు ప్రచురించింది. మార్కుల భయం పెద్దగా లేకుండా తరగతిలో తరచూ చిన్న ప్రశ్నలడిగే పద్ధతి అలవాటైన ఆ పిల్లల్లో 72 శాతం మంది దీనివల్ల పెద్ద పరీక్షల ముందు కంగారు తగ్గిందన్నారు. కిటుకు 'చిన్న' అన్న మాటలో ఉంది. కోచింగ్ సంస్థ గోడ మీద ర్యాంకులతో సహా అంటించే వారాంతపు మాక్ టెస్ట్ వేరు. తప్పితే ఎవరికీ తెలియని, ఆ సాయంత్రమే సరిదిద్దుకోగల తెల్లకాగితం వేరు. మొదటిది మనిషిని కొలుస్తుంది, రెండోది చదువును కొలుస్తుంది. నా దృష్టిలో అప్పజెప్పే చదువు ఒత్తిడిని మాయం చేయదు, దాన్ని వాయిదాల్లో తీరుస్తుంది. మొత్తం అప్పు పరీక్ష రోజు ఒక్కసారిగా నెత్తిన పడకుండా, రోజుకింత చొప్పున, భరించగలిగే చోట కట్టించుకుంటుంది. ఆరు నెలల ముందు కలం ఆగిపోతే నష్టం ఐదు నిమిషాలు. 72 సెకన్ల గడియారం కింద ఆగిపోతే నష్టం ఒక ఏడాది కావచ్చు.

విద్యార్థి చేతిలో లేనివి

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. ఒత్తిడి విద్యార్థి చదువు పద్ధతిలో పుడుతోందనడం, వ్యవస్థ చేసిన తప్పును అతని మీదికి నెట్టడం కాదా? 2024 జూన్‌ను గుర్తు చేసుకుంటే ఈ ప్రశ్నను ఎవరూ తోసిపుచ్చలేరు. జూన్ 18న దేశమంతటా యూజీసీ-నెట్ జరిగింది, 9 లక్షల మందికి పైగా రాశారు, మర్నాడే అది రద్దయింది. జూన్ 23న జరగవలసిన నీట్-పీజీని 22వ తేదీ రాత్రి వాయిదా వేశారు. అప్పటికే వేల మంది డాక్టర్లు రైళ్ళెక్కి పరీక్షా కేంద్రాలున్న ఊళ్ళు చేరుకున్నారు. ఆ పరీక్ష చివరికి ఆగస్టు 11న జరిగింది. ఇలాంటి రాత్రికి ఏ చదువు పద్ధతీ విరుగుడు కాదు. సీట్లు తక్కువై, ఆశించేవాళ్ళు ఎక్కువైనప్పుడు ఎంత బాగా చదివినా కొందరికి రాదు. ఆ లెక్కను జ్ఞాపకశాస్త్రం మార్చలేదు. తేదీలు ముందే తెలియడం, అవి నిలబడడం, కేంద్రం దగ్గరలో దొరకడం, ఫలితం నమ్మదగ్గదై ఉండడం, ఇవన్నీ పరీక్ష పెట్టేవాళ్ళ బాధ్యతలు. వీటిని గట్టిగా అడగాలి. నా వాదనకు హద్దు కూడా ఇక్కడే ఉంది. ఒత్తిడిలో పెద్ద భాగం చదువు పద్ధతిలో పుడుతుందన్నాను గానీ మొత్తం అనలేదు. చేతిలో లేని భాగం అంత బరువైనది కాబట్టే, చేతిలో ఉన్న భాగాన్ని తేలిక చేసుకోవడం ఇంకా అవసరం. ఏంబలం వంటి చోట కోచింగ్‌కు డబ్బు పెట్టలేని ఇంటి విద్యార్థికి, పైసా ఖర్చు లేని పద్ధతిని చెప్పకుండా దాచడం న్యాయం కాదు. ఇది వ్యవస్థకు క్షమాపత్రం కాదు, విద్యార్థికి పనిముట్టు.

ఇంకో హద్దూ చెప్పాలి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకడం దండగన్న ఆలోచన రావడం, ఇవి పరీక్ష కంగారు కోవలోవి కావు. ఇవి చికిత్సతో తగ్గే అనారోగ్యపు గుర్తులు. అప్పుడు చెప్పవలసింది 'ఇంకా బాగా చదువు' అని కాదు, 'పద, డాక్టరు దగ్గరికి వెళ్దాం' అని. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా మాట్లాడతారు, మన భాషల్లోనూ మాట్లాడతారు. జ్వరానికి మందు అడగడానికి సిగ్గుపడని ఇంట్లో దీనికీ సిగ్గుపడకూడదు.

నిద్ర గురించి ఒక్క మాట. 2019లో ఎంఐటీలో దాదాపు వంద మంది విద్యార్థుల చేతులకు నిద్రను కొలిచే పట్టీలు కట్టి ఒక సెమిస్టరంతా గమనించారు. నెలంతా బాగా, ఒకే వేళకు నిద్రపోయినవాళ్ళకు మార్కులు మెరుగ్గా ఉన్నాయి. పరీక్ష ముందు ఒక్క రాత్రి నిద్రకు మార్కులతో సంబంధం కనబడలేదు. రోజూ రాత్రంతా మేలుకుని చదివేవాళ్ళకు ఇందులో మొదటి మాట హెచ్చరిక. పరీక్ష ముందు రాత్రి నిద్ర పట్టక, 'అయిపోయింది, రేపు ఏమీ రాయలేను' అని కుమిలేవాళ్ళకు రెండో మాట ఊరట: ఇన్నాళ్ళూ సరిగా నిద్రపోయి ఉంటే, ఆ ఒక్క రాత్రి మిమ్మల్ని ముంచదు. రోజువారీ పద్ధతి కూడా ఇలాగే తేలికగా ఉండాలి. ఉదయం ఒక అధ్యాయం అర్థమయ్యేలా చదవడం, సాయంత్రం పుస్తకం మూసి దాన్ని ఒక కాగితం మీద రాయడం, తప్పులు వేరే రంగుతో దిద్దుకోవడం. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత, నెల తర్వాత అదే అధ్యాయాన్ని ఖాళీ కాగితం మీద మళ్ళీ పిలవడం. ఏంబలం నుంచి పట్టణానికి వెళ్ళే బస్సులో నిలబడి పుస్తకం తెరవలేం, కానీ నిన్నటి పాఠాన్ని మనసులో అప్పజెప్పుకోవచ్చు. చివరి నెలలో గడియారం పెట్టుకుని, 72 సెకన్లకు ఒకటి చొప్పున పాత ప్రశ్నలు చేయాలి. ఆ గడియారపు కంగారు కూడా అప్పటికి పాత పరిచయస్థుడై ఉండాలి.

అప్పజెప్పడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటే మరీ మంచిది. ఆ మనిషికి సబ్జెక్టు రానక్కర్లేదు. సీయూఈటీ-పీజీ ప్రశ్నలు భాషా సబ్జెక్టుల్లో తప్ప ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటాయి. ఏంబలం ఇంట్లో తమిళం, యానాం ఇంట్లో తెలుగు. ఇది లోటేనని ఒప్పుకుందాం. పరీక్ష భాషలో అప్పజెప్పే సాధన విడిగా చేయవలసిందే. కానీ ఇంటి భాషలో అప్పజెప్పడం ఇంకో పని చేస్తుంది. ఇంగ్లీషు మాటల వెనక దాక్కోవడానికి అక్కడ వీలుండదు. 'ఈ పూట ఏం చదివావు, చెప్పమ్మా' అని వంటింట్లోంచి తల్లి అడిగితే, పోటీ నిరోధకం అన్న పేరు చెప్పి తప్పించుకోలేం. 'బస్సులో సీట్లు ఇన్నే ఉన్నాయమ్మా, మనవాళ్ళూ ఎక్కుతున్నారు, పనిలేనివాళ్ళూ ఎక్కి కూర్చుంటున్నారు. మనవాళ్ళు చాలా ఎక్కువ మంది వస్తే చివరికి సీట్లన్నీ మనవాళ్ళవే అవుతాయి. అందుకని గరిష్ఠ వేగం తగ్గదు. కానీ సగం సీట్లు నిండాలన్నా ముందుకన్నా ఎక్కువమంది రావాలి. అందుకని కేఎం పెరుగుతుంది' అని చెప్పాలి. అలా చెప్పగలిగిన విద్యార్థికి ఆ ప్రశ్న ఏ గదిలో, ఏ గడియారం కింద ఎదురైనా జవాబు దొరుకుతుంది. అప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటే కొట్టుకోనివ్వండి. ఆ జవాబు అతను ఇంతకుముందే ఒకరికి అప్పజెప్పి ఉన్నాడు.